బొమ్మ నుండి అక్షరమునకు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను చిత్రకారుడను గాను. చందమామ బొమ్మలు చూచి తెలుగు చదువ నేర్చినవాడను. ఆ ఋణము కొంత తీర్చుకొనుటకే ఈ నాలుగు మాటలు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి మనవారు ఉద్యోగరీత్యా ఈ బిలాస్‌పూరు చేరుచుండిరి. 1931లో విజయనగరం–రాయపూరు మార్గము పూర్తియైన పిదప రాకపోకలు మరింత సులభమైనవి. నా బాల్యమున బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట తెలుగు. మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. మా నాయనగారు స్వగ్రామమునకు పోయివచ్చినపుడెల్ల చందమామలు తెచ్చెడివారు. ప్రక్క క్వార్టరులోని నా మిత్రునికి హిందీ చందమామ వచ్చెడిది. భాషలు వేరైనను బొమ్మలొక్కటే. శవమును భుజమున వేసికొని, చేత కత్తితో నడచు విక్రమార్కుని చూపి అతడు కథ చదివి చెప్పెడివాడు. నా తెలుగు పుస్తకము నా చేతనే యున్నను నేను చదువలేకపోయితిని. ఆ సిగ్గే నన్ను అమ్మ యొద్ద పలక పట్టించినది.

ఆ విక్రమార్కుని బొమ్మతో ప్రసిద్ధులైన శంకర్, అనగా కె. సి. శివశంకరన్ (1924–2020), తమిళులు. మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో చదివి 1952లో చందమామలో చేరిరి. మరణానంతరము 2021లో వారికి పద్మశ్రీ లభించినది. ఆ బొమ్మలో భయమంతయు శ్మశానమున, చెట్టుకొమ్మలలో కనబడును. రాజు ముఖమున మాత్రము కనబడదు. ధైర్యమన నేమో మా కెవరును వివరింప నక్కరలేకపోయినది.

‘చిత్ర’ అను పేర బొమ్మలు వేసిన టి. వి. రాఘవన్ దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలలోని మాంత్రికులకు, రాక్షసులకు, వింత మృగములకు రూపమిచ్చిరి. లోకమున లేని మృగమును నమ్మించుట ఉన్నదానిని వేయుటకంటె కష్టము. రెక్క భుజమున నెచట అతుకునో, గోరు నేల నెట్లు పట్టునో తెలిసినగాని ఆ మృగము లేచి నడువదు. కల్పనకు పునాది పరిశీలనయే.

మన శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారిని, మనకు తెలిసిన ‘వపా’గారిని, స్మరింపక ఈ ప్రసంగము పూర్తికాదు. తండ్రి రామ్మూర్తిగారే వారికి తొలి గురువు. చందమామ, యువ పత్రికల ముఖచిత్రములతో వారు ఇంటింట పరిచితులైరి. వారి పురాణ స్త్రీలను చూచి మా అమ్మ, ‘ఈమె మన వైపు మనిషి’ అనెడిది. దేవతా రూపమున సైతము తనవారి ముఖమును గుర్తుపట్టి, దూరదేశమున నున్న ఆమె మనసు ఊరట చెందెడిది. వపాగారు 1992లో దివంగతులైరి.

ఇక బాపుగారు (1933–2014). నాలుగు గీతలలో మనిషి పోలికను, స్వభావమును గూడ పట్టగలిగిన నేర్పు వారిది. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు నేటికిని మన కన్నుల ముందు నిలుచుట బాపుగారి గీత చలువయే. వారి చేతివ్రాత కంప్యూటరు అక్షరములకు ఒరవడి యైనది. బొమ్మ అక్షరము వద్దకు నడిపించుట యే గాక, అక్షరమే బొమ్మగా మారినది!

సోదరులారా, నేడు మన పిల్లలు తెలుగు చలనచిత్రములు చూచి ఆనందించుచున్నారు. తెర మీది పేర్లను చదువలేకున్నారు. నా మనుమరాలు మొన్న వచ్చి, ‘తాతయ్యా, నా పేరు తెలుగులో ఎట్లుండును?’ అని యడిగినది. నా కన్నులు చెమర్చినవి. మూడు తరములలో ఇంతటి దూరము వచ్చితిమి.

చందమామ ఇప్పుడు వెలువడుట లేదు. అయినను పాత సంచికలు అంతర్జాలమున చూడ దొరకుచున్నవి. మనలో కొందరి పెట్టెలలోను ఉన్నవి. వానిని సంఘమునకు తెండు. ఆదివారము ఒక గంట చాలును. మొదట పిల్లలకు బొమ్మ చూపి, ‘ఏమి జరుగుచున్నది?’ అని అడుగుడు. వారికి తోచిన కథ చెప్పనిండు. పిదప బొమ్మ క్రింది అక్షరములపై వ్రేలు పెట్టి చదివి వినిపింపుడు. తాము చెప్పినది నిజమో కాదో తెలిసికొనవలెనను ఆతురతయే వారికి గురువగును.

మా ఇంట ఈ పని ఆరంభమైనది. నా మనుమరాలు విక్రమార్కుని బొమ్మ వేసి, దాని క్రింద వంకరటింకరగా తన పేరు వ్రాసినది. ఆ కాగితము నా జేబులో నున్నది. సభానంతరము అడిగినవారికి చూపెదను.