దరఖాస్తు వ్రాసిపెట్టుటయు గ్రంథాలయ సేవయే
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేను నేడొక కాగితమును గూర్చి మాటాడదలచితిని. అది పింఛను దరఖాస్తు. గ్రంథాలయమునకు దానితో నేమి పని యని కొందరడుగవచ్చును. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి మన ప్రాంతమున గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా మాత్రమే కాదు. చదువు వచ్చినవాడు రానివాని ప్రక్కన కూర్చుండు చోటు గ్రంథాలయము. ఆ ధర్మమునే నేను గుర్తుచేయుచున్నాను.

మన కొత్తవాడ మగ్గముల వాడ. వరంగల్లు జంపఖానలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. వస్తువునకు కీర్తి వచ్చినది, సంతోషము. కాని ముప్పది నలువది యేండ్లు పడుగు పేకలతో గడిపిన మనిషికి తుదకు మిగులునది నడుమునొప్పియు, మసకబారిన చూపును.

మా వీధిలో నొక నేతపనివారు గలరు. వారిని నేను బాబాయి యని పిలుతును. వ్యాధివలన వారి కాలు తీసివేయవలసి వచ్చినది. చాలకాలము వారు దరఖాస్తు పెట్టలేదు. ఎందుకని యడుగగా, “ఇన్నాళ్లు చేతులతోని బతికిన బిడ్డా, ఇప్పుడు చెయ్యి చాపుమంటవా?” అనిరి. ఆ మాటకు నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి ఆలోచించితిని. ఆ జవాబునే నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

ఇది చేయి చాపుట కాదు. మన రాజ్యాంగము 41వ అధికరణమున వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము సంభవించినపుడు రాజ్యము తన ఆర్థిక శక్తికి లోబడి ప్రజలకు సహాయము చేయవలెనని యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మరియొక అడుగు ముందుకు వేసినది. ఇతరులకిచ్చు సహాయముకంటె వికలాంగులకిచ్చునది కనీసము నూటికి 25 వంతులు అధికముగా నుండవలెనని దాని 24వ సెక్షను చెప్పుచున్నది. 1995 చట్టము 7 విధముల వైకల్యములను మాత్రమే గుర్తింపగా, ఈ చట్టము 21 విధములను గుర్తించినది. కాలు, కన్ను, చెవి మాత్రమే కాదు. మానసిక రుగ్మత, తలసేమియా, పార్కిన్సన్ వ్యాధి మొదలగునవియు అందున్నవి. కనుక “మాది లెక్కలోనికి రాదు” అని ఇంటనే తీర్పు చెప్పుకొనరాదు. చెప్పవలసినది వైద్యమండలి.

మన రాష్ట్రమున 2014 నవంబరులో ఆసరా పింఛనులు ప్రారంభమైనవి. అప్పుడు వృద్ధులకు, వితంతువులకు, చేనేతవారికి నెలకు 1000 రూపాయలు, వికలాంగులకు 1500 రూపాయలు. 2019లో అవి 2016, 3016 అయినవి. 2023లో వికలాంగుల పింఛను 4016 అయినది. చేనేతవారికి 50 యేండ్లు నిండవలెను. వికలాంగులకు వయోనియమము లేదు. ఒక వ్యక్తికి రెండు పింఛనులు రావు. కావున నలువది యేండ్ల నేతగాడు వికలాంగుడైనచో, యేబది నిండువరకు వేచియుండ నక్కరలేదు. ఏ తరగతిలో అడుగవలెనో తెలిసికొనుటయే మొదటి మెట్టు.

రెండవ మెట్టు వైకల్య ధ్రువపత్రము. ఆధారు, ఛాయాచిత్రములతో దరఖాస్తు నమోదు చేయించుకొని, నిర్ణయించిన దినమున ప్రభుత్వ వైద్యుల యెదుట హాజరు కావలెను. పాత చికిత్స కాగితములన్నియు వెంట గొనిపోవలెను. వైకల్యము నూటికి 40 వంతులకు తగ్గరాదు. కొన్ని పత్రములు కొంతకాలమునకే చెల్లును; గడువు తేదీని చూచుకొనుడు. నిర్ణయము అన్యాయమని తోచినచో అప్పీలు చేసికొనుటకు చట్టములోని 59వ సెక్షను అవకాశమిచ్చినది.

మూడవ మెట్టు పింఛను దరఖాస్తు. గ్రామములందు పంచాయతీ ద్వారా, మనవంటి నగరవాసులకు నగరపాలక సంస్థ ద్వారా ఇది సాగును. దరఖాస్తులు స్వీకరించు గడువు ఒక్కొక్కప్పుడు మిక్కిలి స్వల్పము. ప్రజాపాలన దరఖాస్తులను 2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వరకే తీసికొనిరి. కాగితములు సిద్ధముగా నున్నవారికి ఆ దినములు చాలును; లేనివారికి చాలవు.

మా బాబాయి తుదకు దరఖాస్తు పెట్టిరి. నెలలు గడచినను కదలిక లేదు. మధ్యవర్తి యొకడు “నేను చూచుకొందును” అని కొంత సొమ్ము పుచ్చుకొని మరల కనబడలేదు. విచారింపగా తేలినదేమన, ఆధారులో ఇంటిపేరు ముందున్నది. బ్యాంకు పుస్తకమున అసలు లేదు. పడుగులో ఒక పోగు తెగిన మగ్గము నిలిచినట్లు, ఆ ఒక్క మాటతో దరఖాస్తు నిలిచినది. మన పాఠకులలో నొక యువకుడు రెండు పూటలు వెంట తిరిగి పేరు సరిచేయించెను. పింఛను మంజూరైనది. కాని గడచిన నెలల సొమ్ము తిరిగి రాలేదు. నెలకు 4016 చొప్పున నొక యేటి జాగునకు 48,192 రూపాయలు నష్టమని లెక్క వేసికొనుడు.

కనుక నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. ఆధారునందును బ్యాంకు పుస్తకమునందును పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా నుండవలెను. రసీదు లేకుండ దరఖాస్తు ఇయ్యరాదు. దళారికి పైక మీయరాదు. జవాబు రానిచో ఊరకుండరాదు: కలెక్టరు కార్యాలయమున సోమవారము జరుగు ప్రజావాణిలో అర్జీ ఇయ్యవచ్చును; 2005 సమాచార హక్కు చట్టము క్రింద తన దరఖాస్తు ఎచట నిలిచినదో అడుగవచ్చును. దానికి 30 దినములలో జవాబీయవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి రుసుము లేదు.

ఇక రజతోత్సవ సందర్భమున నాదొక విన్నపము. వారమున కొక సాయంకాలము మన పఠనశాలలో నొక బల్లను దరఖాస్తుల కొరకు కేటాయింతము. చదువుకొన్న యువతీయువకులు వంతుల ప్రకారము అచట కూర్చుండవలెను. నడువలేనివారి ఇంటికి వారే పోవలెను. ఎవరి ఆధారు నకలును గ్రంథాలయమున నిలువ యుంచరాదు. ఎవరినుండియు కాసైనను స్వీకరింపరాదు. ఒక పుస్తకమున పేరు, రసీదు సంఖ్య, మరల విచారింపవలసిన తేదీ వ్రాసికొనిన చాలును.

ఇరువదియైదేండ్లుగా మనము పుస్తకములు ఇచ్చిపుచ్చుకొనుచున్నాము. చదువను వ్రాయను రాని పొరుగువాని హక్కు, ఒక్క అక్షరము తప్పినందున పోరాదు. ఆ అక్షరమును దిద్దుటకు మనకు చదువున్నది.