పేరొచ్చింది, పెత్తనం రాలేదు

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఒక నగరాన్ని చూసి ఇంకో నగరం నేర్చుకుంటుంది. అందులో తప్పేమీ లేదు. కాని ఒక ఆలోచన దేశాలు దాటి వచ్చేటప్పుడు దానిలో ఏది మూటగట్టుకొని తెస్తున్నరు, ఏది అక్కడే వదిలేస్తున్నరు? మనం అడగవలసిన ప్రశ్న ఇది. ఒక్క ఉదాహరణ చూద్దాం. దాని పేరు ప్రజా బడ్జెట్.

బ్రెజిల్ దక్షిణాన పోర్టో అలెగ్రీ అనే నగరం ఉంది. సైనిక పాలన 1985లో పోయింది. మా పైసలు ఎక్కడ ఖర్చు పెడుతున్నరో మాకు చెప్పాలని అక్కడి బస్తీ సంఘాలు కొట్లాడుతున్నయి. 1988 ఎన్నికల్లో వర్కర్స్ పార్టీ గెలిచింది. బ్యాంకు ఉద్యోగుల యూనియన్ నాయకుడు ఒలివియో దుత్రా మేయర్ అయ్యిండు. 1989లో ప్రజా బడ్జెట్ మొదలైంది.

మొదట్లో దెబ్బతిన్నది. ఆదాయమంతా దాదాపు జీతాలకే సరిపోయేది. అడిగిన పనులు కాలేదు. 1990లో సభలకు వచ్చినవాళ్లు వెయ్యి మంది లోపే. అప్పుడు పాలకులు ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. ఆస్తిపన్ను సవరించి, ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసిండ్రు. బడ్జెట్ తయారుచేసే పద్ధతినే మార్చిండ్రు. నగరాన్ని 16 ప్రాంతాలు చేసి, ప్రతి ప్రాంతంలో సభ పెట్టిండ్రు. పోయిన ఏడాది పనుల లెక్క చెప్పాలి, ఆ తర్వాతే కొత్త మాట. సభలు ఎన్నుకున్నవాళ్లతో బడ్జెట్ కౌన్సిల్.

అసలు కీలకం పైసలు పంచే సూత్రంలో ఉంది. జనాభా ఎంత? ఏ సౌకర్యం ఎంత కొరత? ఆ ప్రాంతం దేన్ని ముందు కోరింది? వీటికి మార్కులు. నల్లా లేని బస్తీకి మార్కులు ఎక్కువ, అన్నీ ఉన్న కాలనీకి తక్కువ. పని కనిపించింది, జనం కదిలిండ్రు. 2000 నాటికి సభలకు వచ్చేవాళ్లు వేలల్లో పెరిగిండ్రు.

ఇంక దానికి కాళ్లొచ్చినయి. 1996లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి ఆవాస సదస్సు దాన్ని మెచ్చుకుంది. ప్రపంచబ్యాంకూ పొగిడింది. 2001లో ప్రపంచ సామాజిక వేదిక అదే నగరంలో మొదలైంది. దాని ఆసియా సభ 2003 జనవరిలో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అంటే వామపక్షాల సంచిలోనూ, బ్యాంకు ఫైళ్లలోనూ ఒకే ఆలోచన ప్రయాణం చేసింది!

పుణె 2006లో మొదలుపెట్టింది. వీధికి కావలసిన చిన్న పనులు పౌరులు ఫారంలో రాసివ్వాలి. న్యూయార్క్‌లో 2011లో నలుగురు కౌన్సిలర్లు తమ నిధుల్లోంచి కొంత పక్కన పెట్టిండ్రు. పారిస్ 2014లో పెట్టుబడి బడ్జెట్‌లో 5 శాతం ఓటుకు పెట్టింది. ఇవి పనికిరానివని మేం అనం. కాని బయోచ్చి, గనూజా అనే ఇద్దరు పరిశోధకులు తేల్చిందేమిటంటే, ప్రయాణం చేసింది సభ పెట్టే పద్ధతి. సర్కారు యంత్రాంగాన్ని సభ మాటకు కట్టేసిన మార్పు మాత్రం వెనకే ఉండిపోయింది. పుట్టిన ఊళ్లోనూ అంతే. 2004లో ఆ పార్టీ ఓడింది. సభలు మిగిలినా పట్టు సడలింది.

మా బస్తీలోనూ ఒక మీటింగు పెట్టిండ్రు. కుర్చీలు వేసిండ్రు, చాయ్ పోసిండ్రు, రిజిస్టర్‌లో సంతకాలు తీసుకున్నరు. మోరీ బాగుచేయాలని ఆడవాళ్లు అడిగితే, నిధుల సంగతి మా చేతుల్లో లేదన్నరు. మరి మీటింగు ఎందుకు? తెల్లారి పేపర్లో 'ప్రజల భాగస్వామ్యం' అని వార్త వచ్చింది. రాసింది మా విలేకరులమే. ఇచ్చిన కాగితం చూసి రాసినం, మోరీ చూసి రాయలేదు. ఆ తప్పు మాది.

ఉద్యోగ మిత్రులారా, ఫైలు మీ చేతుల మీదుగా పోతది. విద్యార్థులారా, ప్రశ్న మీ నోట్లో ఉంది. రేపు ఇంకో దేశం పేరు చెప్పి ఇంకో నమూనా దిగుతది. మూడే మూడు అడగండి. పైసలు ఎన్ని? పంచే సూత్రం ఎవరు రాసిండ్రు? పోయిన ఏడాది లెక్క ఏది? ఈ మూడింటికీ జవాబుంటే ఏ దేశానిదైనా తెచ్చుకుందాం. లేకపోతే సంతకం పెట్టకండి.