పులిని చూడబోయే ముందు



పిల్లలకు సెలవులు ఇచ్చారంటే ఇంట్లో పోరు మొదలవుతుంది కదండీ! పోయిన సంక్రాంతికి మా చిన్నవాడు పులిని చూపిస్తేనే అన్నం తింటానని కూర్చున్నాడు. మా లక్సెట్టిపేట వాళ్ళకు అదేమంత పెద్ద ప్రయాణం కాదు. నిర్మల్ రోడ్డున దండేపల్లి దాటి పోతే జన్నారం, అక్కడే కవ్వాల్ అడవి. 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. మంచిర్యాల నుంచి నిర్మల్ పోయే బస్సు ఎక్కితే చాలు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టిక్కెట్టు కూడా లేదాయె!

అయితే ముందుగా కొన్ని సంగతులు చూసుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా వానల వల్ల సఫారీ ఉండదు. సంక్రాంతి నుంచి మార్చి వరకు మంచి కాలం. టేకు ఆకు రాలి చూపు దూరం సాగుతుంది, కుంటలు ఎండుతుంటే జంతువులు మిగిలిన నీళ్ళ దగ్గరికి చేరతాయి. అటవీశాఖ బండి ఉదయం, సాయంత్రం పోతుంది. ముందే అడిగి చోటు ఖాయం చేసుకోండి. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, పిల్లలకు స్వెట్టర్లు మరవకండి. ఎర్రచీరలు, తెల్లచీరలు వద్దు, ఆకురంగో మట్టిరంగో మేలు. సెంటు, తలలో మల్లెలు ఆ ఒక్కపూటకు మానుకుందాం. బండి ఎక్కకముందే పిల్లలను బాత్రూముకు పంపండి, లోపల దిగనివ్వరు. సద్ది కట్టుకుంటే డబ్బాలోనే కట్టండి. ప్లాస్టిక్ సంచులు పారేస్తే దుప్పులు తిని చస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలకు ఇంటి దగ్గరే నిజం చెప్పడం. కవ్వాల్‌లో స్థిరంగా కాపురముండే పులులు దాదాపు లేవు. మహారాష్ట్రలోని తాడోబా నుంచి ప్రాణహిత దాటి, కాగజ్‌నగర్ అడవుల మీదుగా వచ్చి పోయేవే ఎక్కువ. అందుకని "పులిని చూద్దాం" అనకండి, "అడవిని చూద్దాం" అనండి. చుక్కల దుప్పులు, మనుబోతులు, కొండముచ్చులు కనిపిస్తాయి. దుప్పి ఉన్నట్టుండి కూత పెట్టినా, కొండముచ్చు చెట్టుమీద దగ్గినట్టు అరిచినా దగ్గర్లో ఏదో క్రూరమృగం ఉందన్నమాటే. బురదలో అడుగు పడితే చూడండి. కుక్క అడుగులో గోళ్ళ గుర్తులుంటాయి, పులి అడుగులో ఉండవు. గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది మరి!

నేను ఈ నిజం ముందు చెప్పలేదు. పులి కనబడలేదని తిరుగు బస్సులో మా వాడు ముఖం ముడుచుకున్నాడు. పక్కసీటులో ఒక పెద్దమ్మ. కాగజ్‌నగర్ వైపు ఆమె, కూతురింటికి వచ్చి పోతోంది. సంగతి విని, "మీరు కనబడాలని పోతరు బిడ్డా, మేము కనబడొద్దని మొక్కుకోని పత్తి చేన్ల అడుగు పెడతం" అన్నది.

ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరబోయిన ఆడకూతురిని పులి చంపింది. వంగి పత్తి ఏరుతుంటే వెనుక ఏమొస్తున్నదో తెలియదు. పులి వెనుకనుంచే దూకుతుందని, తల వెనుక తగిలించుకునే ముఖాల ముసుగులు అక్కడి కూలీలకు ఇచ్చారు. పులులకు తోవ ఇవ్వాలన్నది నిజమే. కాని ఆ తోవలో మనలాంటి ఆడవాళ్ళ చేన్లు కూడా ఉన్నాయి.

అందుకే అడవికి పోయినప్పుడు చుట్టంలా పోదాం. పులిని వెతికి పట్టుకొమ్మని డ్రైవరును తొందరపెట్టకండి. గట్టిగా అరవకండి. వచ్చేటప్పుడు అక్కడి ఆడవాళ్ళ దగ్గర ఇప్పపువ్వో తేనో కొని, వాళ్ళతో రెండు మాటలు మాట్లాడండి. పిల్లలను కూడా విననివ్వండి.

ఆ రాత్రి మా వాడు అన్నం తింటూ, "అమ్మా, ఆ అవ్వ చేనుకు పులి రాకుంటే బాగుండు" అన్నాడు. పులి కనబడలేదన్న మాట మళ్ళీ ఎత్తలేదు.