బుడమేరు ఎటు పోతుంది?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

డి.ఎ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పవలసిందంతా చెప్పేశారు గనుక నేను వేరే సంగతి చెబుతాను.

1972లో నేను వాల్తేరులో భూగోళశాస్త్రం ఎం.ఎ. చదువుతుండగా మా మాస్టారు మమ్మల్ని కొల్లేరు తీసుకువెళ్లారు. ఆకివీడు స్టేషనులో దిగాం. ఆయన షరతు ఒక్కటే. పుస్తకం తెరవకూడదు. ఏ ఊళ్లోనైనా పెద్దవాళ్లను రెండు ప్రశ్నలు అడగాలి: మీకు నీళ్లు ఎటునుంచి వస్తాయి? ఎటు పోతాయి?

తాటిదోనె నడిపిన పెద్దాయన వెంటనే చెప్పాడు: "ఏలూరు నుంచి తమ్మిలేరు, బెజవాడ వైపునుంచి బుడమేరు వస్తాయి బాబూ. పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి."

అప్పుడు మాస్టారు వివరించారు. కృష్ణా గోదావరులు ఒండ్రు పోసి చెరొకవైపు నేలను ఎత్తు చేసుకున్నాయి. నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వాలు బహు తక్కువ. సముద్రం పోటు మీద ఉంటే నీరు దిగదు. సరస్సంటే నీళ్లు నిలిచే చోటని అంతవరకూ అనుకున్నాను. వరద వచ్చి, ఆగి, మెల్లగా వెళ్లే చోటని ఆ రోజు తెలిసింది. ఆ రాత్రి బడి వరండాలో లాంతరు పెట్టుకుని పటం గీశాం. మైలవరం కొండల నుంచి బెజవాడ ఉత్తరపు అంచుగా కొల్లేటిదాకా బుడమేరును నీలం సిరాతో గీసింది నేనే.

తర్వాత ఉద్యోగం, ఫైళ్లు, బదిలీలు. అవి మీకు తెలియనివి కావు.

2009లో మా అమ్మాయి వాళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇల్లు కొంటామంటే నేనే దగ్గరుండి చూశాను. లింకు దస్తావేజులు, ఇ.సి., బోరు నీళ్ల రుచి కూడా చూశాను. ఆ రెండు ప్రశ్నలు మాత్రం అడగలేదు.

బుడమేరు వరదను కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో దానికి గండ్లు పడ్డాయి. నీరు ఊరిమీద పడింది. అమ్మాయి వాళ్లు మూడు రోజులు డాబా మీదే ఉన్నారు. ప్రాణాలు దక్కాయి. మనవరాలి సర్టిఫికెట్లు మాత్రం ముద్దయిపోయాయి. అల్లుడుగారు ఒక్క మాట అనలేదు. అమ్మాయే అంది, "నాన్నా, నువ్వు చదివింది భూగోళమే కదా!"

జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పాత పెట్టె వెతికితే ఆ పటం దొరికింది. సిరా వెలిసిందిగాని గీత కనిపిస్తోంది. జిరాక్సులు తీయించి తెచ్చాను, గుమ్మం దగ్గర బల్లమీద ఉన్నాయి. ఆ వైపు స్థలం చూస్తున్న పిల్లలెవరైనా మీ ఇళ్లలో ఉంటే తలా ఒకటి తీసుకువెళ్లండి. సెలవు.