జేబులో చిన్న చాకు



నా జేబులోని ఈ మడత చాకు తాళంచెవుల గుత్తి కంటే తేలిక. ఉద్యోగంలో పెన్సిళ్లు చెక్కింది, పార్సిలు తాళ్లు కోసింది. ఇప్పుడు బత్తాయిలు ఒలుస్తోంది.

మన మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినవారు ఎందరో. బత్తాయి తోటల జిల్లాలో పుట్టి, పండు ఒలుచుకోలేని మిత్రుడికి తొనలు తీసి ఇచ్చిననాడే దీని విలువ తెలిసింది.

తెరిచిన అలుగును వెనుక స్ప్రింగు ఒక్కటే పట్టి ఉంచుతుంది. మొనతో గట్టిగా గుచ్చితే మడుచుకుని వేలు తెగుతుంది, జాగ్రత్త. వాడాక తడి తుడిచి, కీలులో చుక్క నూనె వేయాలి. విమానంలో చేతిసంచిలో పెట్టుకోరాదు.

చేతులు ఆడినన్నాళ్లు పక్కవారికో పండు ఒలిచి పెడదాం. సెలవు.