నేల మీది కాలు
(సంఘం వార్షిక సభలో శిక్షణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఎందరికి స్కాలర్‌షిప్పులు ఇచ్చామో, ఎన్ని కుట్టుమిషన్లు పంచామో చెబుతుంటాం. ఆ వివరాలు ఈ సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి మేము ఒక తన్ను గురించి మాట్లాడదలిచాం. నవ్వకండి. మీరిచ్చిన సొమ్ములో కొంత ఆ తన్ను నేర్పడానికే ఖర్చవుతోంది. దాని లెక్క కూడా మీకు చెప్పాలి కదా!

సాయంత్రం పూట మన పిల్లలు నేర్చుకుంటున్నది తైక్వాండో. కొరియా విద్య. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఉండి, 2000 సిడ్నీ నుంచి పతకాల క్రీడ అయింది. పేరు మనకు కొత్త గాని పని కొత్తది కాదు. మన తాతల కాలంలో తాలింఖానాలు ఉండేవి, అక్కడ కర్రసాము నేర్పేవారు. ముందు సరిగా నిలబడటం వస్తేనే ఉస్తాద్ కర్ర చేతికిచ్చేవాడని పెద్దలు చెబుతారు. తైక్వాండోలోనూ అంతే. నిలబడటం వచ్చాకే తన్నడం.

ఆ మాట మేమే మరిచిపోయాం. తరగతి మొదలుపెట్టిన కొత్తలో, దాతలకు ఏదో ఒకటి చూపించాలన్న ఆత్రంతో, రెండు నెలలు కూడా నిండని పిల్లల్ని సభలో ప్రదర్శనకు నిలబెట్టాం. కింద గరుకు పలకరాయి బండలు. టర్నింగ్ కిక్, అంటే నడుము తిప్పి పక్కనుంచి కొట్టే తన్ను, వరసగా కొట్టమన్నాం. "ఇంకా ఎత్తుగా!" అని వెనకనుంచి అరిచింది కూడా మేమే. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి అక్కడికక్కడే కూలబడింది. తన్నిన కాలికి ఏమీ కాలేదు. నేల మీద ఉన్న కాలి మోకాలు మెలి తిరిగింది. చాలా వారాలు మంచం మీదే ఉంది.

చూడటానికి వెళితే వాళ్ల నానీ ఒకటే మాట అంది: "గట్టిదాన్ని చేస్తామని తీసుకెళ్లి, కుంటిదాన్ని చేసి పంపారేంటి బేటా?" మా దగ్గర జవాబు లేదు.

తర్వాత అనుభవమున్న శిక్షకుణ్ణి పిలిపించి, తప్పు ఎక్కడ జరిగిందో అడిగి తెలుసుకున్నాం. ఆయన చెప్పింది తల్లిదండ్రులందరూ తెలుసుకోవాలి.

మోకాలు తలుపు మడతబందు లాంటిది. ముడుచుకుంటుంది, చాచుకుంటుంది. మెలి తిరగడానికి చేసినది కాదు. ఈ తన్నులో ఒళ్లు తిరగాలి. ఆ తిరుగుడు పైన తుంటి దగ్గర, కింద పాదం దగ్గర జరగాలి. పాదం నేలకు అతుక్కుపోతే ఆ మెలికంతా మధ్యలో ఉన్న మోకాలి మీద పడుతుంది. ఆ రోజు జరిగింది అదే. గరుకు బండ మీద పాదం తిరగలేదు. తిప్పాలని పిల్లకు ఎవరూ గట్టిగా చెప్పనూ లేదు.

ఇప్పుడు ఆ ఒక్క తన్నునూ నాలుగు ముక్కలు చేసి నేర్పుతున్నారు. మొదట, మడమ తొడకు దగ్గరగా ముడిచి, మోకాలు ఎదురుగా పైకెత్తాలి. ఫుట్‌బాల్ తన్నినట్టు నేల మీదనుంచే కాలు విసరకూడదు. రెండు, నేల మీది కాలి మడమ కాస్త లేపి, పాదం ముందు భాగం మీద తిరగాలి. పూర్తయ్యేసరికి ఆ మడమ ఎదుటి గురి వైపు చూడాలి. మూడు, దానితోపాటే తుంటి తిరగాలి, మోకాలు గురికి ఎదురుగా రావాలి, అప్పుడు పిక్క కొరడాలా విచ్చుకుని మీగాలు తగలాలి. నాలుగు, కాలు అక్కడే వేలాడదీయకుండా మళ్లీ ముడిచి, తర్వాత కింద పెట్టాలి. ఇంతసేపూ చేతులు ముఖానికి కాపలాగా ఉండాలి.

హనా, దుల్, సెట్, నెట్ అని కొరియా భాషలో ఒకటి నుంచి నాలుగు లెక్కపెడుతూ, గోడ పట్టుకుని మెల్లగా చేస్తారు. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, మడమ ఎక్కడిదాకా తిరిగిందో పిల్లలే చూసుకుంటారు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో దీన్ని వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. పలక మీద అఆలు గాని, అలిఫ్ బే గాని ఎన్నిసార్లు దిద్దితే చెయ్యి కుదిరింది? ఇదీ దిద్దడమే. కుడికాలితో ఎన్నిసార్లో ఎడమకాలితోనూ అన్నిసార్లు.

పిల్లలకు తొందర ఉంటుంది. పోటీలో ఇదే తన్ను ఛాతీ కవచానికి తగిలితే 2 పాయింట్లు, తలకు తగిలితే 3. అందుకని అందరి కళ్లూ తల ఎత్తు మీదే. మా శిక్షకుడు మాత్రం నడుము ఎత్తు దాటనివ్వడు, మడమ తిరిగేదాకా.

కొందరు తండ్రులు అడిగారు, ఆడపిల్లలకు ఇదెందుకని. ప్రభుత్వమే సమగ్ర శిక్ష కింద, రాణి లక్ష్మీబాయి పేరుతో, బడుల్లో ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పెట్టింది. మంచిదే. కాని మూడు నెలల్లో మడమ తిరగడం మొదలవుతుంది, అలవాటు కాదు. ఆ మిగిలిన పని ఊళ్లో మనం చెయ్యాలి. ఇక పరదా సంగతి. తైక్వాండో దుస్తులు ఒళ్లంతా కప్పుతాయి. ఈజిప్టు క్రీడాకారిణి హిదాయా మలాక్ హిజాబ్‌తోనే ఆడి 2016 రియోలో, ఆ తర్వాత టోక్యోలో ఒలింపిక్ కాంస్యాలు గెలిచింది. అంత దూరం ఎందుకు, నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌కు బాక్సింగ్‌లో తొలి పాఠాలు చెప్పింది తండ్రే. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయిన ఆ పిల్ల, పెద్దల్లో ప్రపంచ విజేత అయ్యేసరికి 2022 వచ్చింది. మధ్య పదకొండేళ్లు ఇంటివాళ్లు ఓపిక పట్టారు.

మన పిల్లలందరూ పతకాలు తేవాలని మేము అనడం లేదు. పలకల పనికి, మెకానిక్ షెడ్లకు పోయే ఇళ్ల పిల్లలు, తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు రోజూ ఒక గంట క్రమంగా గడిపితే చాలు. కోపం వచ్చినప్పుడు తనను తాను పట్టుకోగలిగినవాడే బలవంతుడని మన ప్రవక్త (స) బోధ. కాలు విసరడం కన్నా వెనక్కి ముడవడం కష్టమని ఇక్కడ రోజూ తెలిసొస్తుంది.

కాబట్టి దాతలకు మా విన్నపం ఇది. పేర్లు అచ్చువేసిన టీషర్టులు వద్దు, జ్ఞాపికలు వద్దు, పెంకులు పగలగొట్టే ప్రదర్శనలు అడగవద్దు. మార్కాపురం తరగతికి ఉన్నట్టే గిద్దలూరు, కంభం పిల్లలకూ నేల మీద పరిచే మ్యాట్లు కావాలి. ఆడపిల్లలకు నేర్పే శిక్షకురాలికి నెలనెలా తప్పకుండా జీతం కావాలి. ఫోటోలో పడేవి కావు ఇవి. తన్నులో కూడా అందరూ చూసేది పైకి లేచిన కాలినే, మోసేది నేల మీది కాలు. ఈ ఖర్చుకు జకాత్ సొమ్ము ఒక్క రూపాయి కూడా వాడటం లేదు. దీనికని విడిగా ఇచ్చిన విరాళాలతోనే నడుపుతున్నాం.

ఆ అమ్మాయి మోకాలు నయమైంది గాని తరగతికి మళ్లీ రాలేదు. రమ్మని అడిగే ముఖం మాకూ లేదు. ఈ ఏడు ఆమె చెల్లెలు చేరింది. నానీయే చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. తరగతి అయ్యేదాకా గుమ్మంలో కూర్చుని పిల్లల మడమల వైపే చూస్తుంది. ఎవరిది తిరగకపోయినా శిక్షకుడి కన్నా ముందు ఆమే కేకేస్తుంది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. మా పొరపాట్లను మన్నించుగాక. ఆమీన్.