వంత అడిగే సందేహం



బుర్రకథకుడు నాజర్ గారి పేరిట జరిగే సభలో ప్రచారం గురించి మాట్లాడితే ఆయన కళను తక్కువ చేస్తున్నానని కొందరికి అనిపించవచ్చు. ఆయన నొచ్చుకునేవారు కాదనే నా నమ్మకం. ప్రజానాట్యమండలిలో బుర్రకథ పట్టిందే కమ్యూనిస్టు పార్టీ మాట జనం చెవిన వేయడానికి.

జంగాలు ఊరూరా తిరిగి వీరగాథలు చెప్పిన కాలం నుంచీ ఉన్న కళను 1940లలో కమ్యూనిస్టులు అందిపుచ్చుకున్నారు. చదువు రాని ఊళ్లో కరపత్రం ఎవరికి? కథ అయితే తెల్లవార్లూ కూర్చుంటారు. 1941 జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాక, అంతవరకూ సామ్రాజ్యవాద యుద్ధమన్నది పార్టీకి ప్రజాయుద్ధమైంది. క్విట్ ఇండియాతో దేశం అట్టుడుకుతుండగా యుద్ధానికి మద్దతివ్వాలన్న ఆ మాట జనాన్ని నమ్మించడం తేలిక కాదు. 1943లో బెంగాల్ కరువు కథ కూడా ఈ బుర్రకథ దళాలే చెప్పాయి. కరువు కళ్లెదుటి నిజం, ప్రజాయుద్ధం ఒక వాదం. రెండింటికీ గజ్జె ఒకటే, వినేవాడు తేడా ఎలా పట్టగలడు?

కిటుకంతా వంతల దగ్గరుంది. కథకుడు భుజాన తంబురా మీటుతూ, వేళ్ల అందెలు మోగిస్తూ ముందుకీ వెనక్కీ అడుగులేస్తుంటాడు. పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథ మంచి పట్టులో ఉండగా, "అదెలాగయ్యా?" అని వంత అడ్డు తగులుతాడు. జనంలో ఎవరికో గొంతు దాకా వచ్చి ఆగిన సందేహమే అది. కథకుడు బదులు చెప్పగానే ఆ మనిషి తన అనుమానం తీరిందనుకుని సర్దుకు కూర్చుంటాడు. అడిగేవాడి నోరు నొక్కడం మొరటు ప్రచారం. వాడికి తన దళంలోనే వేషమివ్వడం నేర్పున్న ప్రచారం. 

ప్రజానాట్యమండలి ఆడిన 'మాభూమి' నాటకాన్ని మద్రాసు సర్కారు నిషేధించింది. తర్వాత సర్కార్లే కళతో ప్రచారం చేసే దారి పట్టాయి. 1954లో కేంద్రం పాటలకూ నాటకాలకూ ఒక విభాగమే పెట్టింది. పంచవర్ష ప్రణాళికలు, చిన్న మొత్తాల పొదుపు, కుటుంబ నియంత్రణ అన్నీ వేదికెక్కాయి. "ఆపరేషన్ చేయించుకుంటే ఒంట్లో సత్తువ పోదూ?" అని అడగడం వంత పని. దీన్ని నేను తప్పుపట్టను. జనం భయాన్ని కనీసం పైకి అననిచ్చారు.

ఎమర్జెన్సీలో అదీ పోయింది. 1976-77లో దేశమంతటా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. పత్రికల మీద సెన్సారు. ఉత్తరాదిలో మగవాళ్లు బలవంతపు ఆపరేషన్ల భయంతో ఊళ్లు విడిచి పొలాల్లో దాక్కున్నారు. ఢిల్లీలో ఆ సంగతి చెప్పేవాడు లేడు, అడిగే వంతా లేడు. సొంత ప్రచారాన్ని తామే నమ్మిన పాలకులు గెలుపు ఖాయమనుకుని 1977లో ఎన్నికలు పెట్టారు. ఉత్తరప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు ఒక్క లోక్‌సభ సీటూ దక్కలేదు. బలవంతం అంతగా సాగని ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 వచ్చాయి.